పోయిన కాలి నొప్పి – ఒక చారిత్రక పరిశీలన

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగలిగిన పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ప్రభుత్వ ఆసుపత్రి రికార్డు సెక్షన్లో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి రిటైరైన వాణ్ణి. డాక్టరును కాను. కాలు తీసివేసిన మనిషి మళ్లీ నిలబడే ప్రయత్నంలో పడే నొప్పిని లోకం ఇన్ని వందల ఏళ్లుగా ఎలా అర్థం చేసుకుంది, ఎక్కడ అపార్థం చేసుకుంది అనే సంగతిని ఉద్యోగ కాలంలో చూసినదానితోనూ, ఆ తరువాత చదివినదానితోనూ మిత్రుల ముందుంచుతున్నాను.

ఈ వయసులో మనకీ విషయమెందుకని కొందరికి తోచవచ్చు. ఒకప్పుడు కాలు పోవడమంటే యుద్ధమో, రైలు ప్రమాదమో, మిల్లు బెల్టో కారణం. ఇప్పుడు మనలాంటి పెద్దవాళ్ల విషయంలో తరచుగా వినబడే కారణం షుగరు వ్యాధి, అరికాలి పుండు. కనుక ఇది మన ఇళ్లకు దూరమైన చరిత్ర కాదు.

రెండు నొప్పులు

కాలు పోయిన మనిషికి రెండు వేర్వేరు నొప్పులుంటాయి. ఒకటి మిగిలిన మొండిభాగంలో వచ్చేది. కృత్రిమ కాలు తొడిగి నిలబడగానే ఒంటి బరువంతా దానిమీద పడుతుంది. ప్రకృతి మన బరువు మొయ్యడానికి అరికాలిని తయారుచేసింది. అక్కడి చర్మం మందం, దాని కింద కొవ్వు మెత్తలా ఉంటుంది. పిక్కమీది చర్మానికిగానీ, తొడమీది చర్మానికిగానీ ఆ ఏర్పాటు లేదు. ఆ చర్మాన్నే అరికాలి పని చెయ్యమంటున్నాం.

రెండవది పోయిన కాలిలోనే వచ్చే నొప్పి. పాదం లేదు, కానీ పాదం మండుతుంది. వేళ్లు లేవు, కానీ వేళ్లు మెలితిరుగుతాయి. వినేవాళ్లకిది వింత. అనుభవించేవాళ్లకు మాత్రం పంటిపోటంత నిజం.

మన భాషలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి. పుండు సలుపుతుంది, పన్ను పోటు పెడుతుంది, కాళ్లు పీకుతాయి, నరం గుంజుతుంది, దెబ్బ జివ్వుమంటుంది. ఈ తేడాలు వైద్యుడికి పనికివస్తాయని గుర్తించి, కెనడాలో మెల్జాక్ అనే శాస్త్రవేత్త 1975లో నొప్పి మాటలను వర్గాలుగా విడగొట్టి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. అప్పటిదాకా ఆసుపత్రి కాగితాల్లో నొప్పి అనేది ఉందా, లేదా అన్నంతవరకే. మా రికార్డుల్లోనూ అంతే. నొప్పి అని రోగి చెబితే దాని పక్కన ఇంగ్లీషులో ఒక్క ముక్క ఉండేది: రోగికి ధైర్యం చెప్పడమైనది.

విశ్పల నుంచి కొయ్యకాలి దాకా

మన దేశంలో కృత్రిమ కాలి ప్రస్తావన ఋగ్వేదంలోనే ఉంది. పోరులో కాలు తెగిన విశ్పలకు అశ్వినీ దేవతలు లోహపు కాలు అమర్చారని మొదటి మండలంలో వస్తుంది. ఆమె మళ్లీ కదలగలిగేలా చేశారన్నదే అక్కడి స్తుతి. ఆ కాలు ఎక్కడ ఒరుసుకుందో, ఎలా సలిపిందో మంత్రంలో లేదు. ప్రాచీన గాథలన్నిటా ఇదే తీరు. కాలు ఇచ్చినవారి గొప్ప కనబడుతుంది, తొడుక్కున్నవారి మాట వినబడదు.

వినిపించుకున్నవారిలో ముందుగా చెప్పుకోదగినవాడు ఫ్రాన్సు దేశపు ఆంబ్రోజ్ పారే. 16వ శతాబ్దంలో మంగలి వైద్యుడిగా మొదలై, యుద్ధరంగాల్లో పనిచేసి, రాజుల వైద్యుడైనవాడు. కాలు తీసిన తరువాత కాలుతున్న ఇనుముతో గాయం మాడ్చే పద్ధతి మాని, రక్తనాళాలను దారంతో ముడివేసే పద్ధతిని వాడాడు. కాలు పోయి చాలాకాలమైన సైనికులు ఆ పోయిన భాగంలోనే నొప్పి ఉందంటున్నారని గ్రంథస్తం చేశాడు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కొట్టిపారేయలేదు.

పారే పుస్తకంలో రెండు రకాల కృత్రిమ కాళ్ల బొమ్మలున్నాయి. ఒకటి డబ్బున్నవారికి, కవచంలా కీళ్లూ కమ్మీలూ ఉన్న ఇనుప కాలు. రెండవది పేదవారికి, వట్టి కొయ్యకాలు. ఈ కొయ్యకాలిలో మోకాలు మడిచి మెత్తమీద ఆనించేవారు. మొండిభాగం వెనక్కి ఉండిపోయేది. అంటే బరువంతా మోకాలిమీద పడేదిగానీ తెగిన కొసమీద కాదు. మోకాళ్లమీద నిలబడటం మనిషికి అలవాటైన పనే, తెగిన ఎముక కొసమీద నిలబడటం కాదు. ఎక్కడ బరువు పడితే మనిషి ఓర్చగలడన్న ఆలోచన ఆ చవక కొయ్యకాలిలోనే ఉంది.

తరువాతి శతాబ్దంలో తత్వవేత్త డెకార్ట్ తన 1644 నాటి గ్రంథంలో ఒక బాలిక సంగతి రాశాడు. ఆమె చెయ్యి తీసివేసిన సంగతి ఆమెకు తెలియనివ్వకుండా కట్లు కట్టి ఉంచారు. ఆమె మాత్రం వేళ్లలో నొప్పి అని చెబుతూనే ఉంది. కాబట్టి నొప్పి తెలిసేది వేలిలో కాదు, మెదడు ద్వారా మనసుకేనని ఆయన వాదించాడు.

మత్తుమందు – మన హైదరాబాదు

1846కు ముందు కాలు తీయడమంటే రోగిని నలుగురు అదిమిపట్టుకోవడమే. డాక్టరు ఎంత వేగంగా కోస్తే అంత గొప్ప. ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథరు మత్తును బహిరంగంగా ప్రదర్శించారు. డిసెంబరులో లండనులో రాబర్ట్ లిస్టన్ ఈథరు మత్తులో కాలు తీశాడు. మత్తు వచ్చాక డాక్టరుకు తీరిక చిక్కింది. ఎముకను సరిచేసి, కండను దానిమీద మెత్తగా కప్పి కుట్టే వీలు కలిగింది. ఇది కత్తి నొప్పికి మాత్రమే కాదు, రేపు నిలబడేటప్పటి నొప్పికి కూడా మందే.

అంతకు ముందే, 1842లో, ఎడింబరోలో జేమ్స్ సైమ్ అనే శస్త్రవైద్యుడు పాదం తీయవలసిన రోగికి చీలమండ దగ్గర కోసి, మడమ చర్మాన్ని మాత్రం మిగిల్చి దాన్నే ఎముక కిందికి తెచ్చి కుట్టాడు. మడమ చర్మం బరువు మొయ్యడానికి పుట్టినది కనుక ఆ మొండిభాగంమీద నేరుగా ఆని నిలబడవచ్చు. ఆ శస్త్రచికిత్సకు ఈనాటికీ ఆయన పేరే ఉంది.

ఈ సైమ్ శిష్యుల్లో ఒకరైన ఎడ్వర్డ్ లారీ తరువాత మన హైదరాబాదు రాజ్యంలో పెద్ద డాక్టరయ్యాడు. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు రోగి నాడిని కాక శ్వాసను కనిపెట్టి ఉండాలన్నది గురువుగారి మాట. దాన్ని నిరూపించాలని లారీ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ ఆర్థిక సాయంతో 1888లోనూ, 1889లోనూ హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు నడిపించాడు. రెండోసారి లండనులోని లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదన్న వారి నిర్ణయం తరువాతి పరిశోధనల్లో నిలవలేదు. అయినా నొప్పి లేని శస్త్రచికిత్స గురించి లండను వైద్యలోకం హైదరాబాదువైపు చూసిన రోజులవి.

యుద్ధం నేర్పిన పాఠం

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. తుపాకీ గుండ్లకు వేలాదిమంది కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నారు. ఆ ఏడాది జూన్‌లో కాలు పోయిన 18 ఏళ్ల జేమ్స్ హాంగర్ అనే కుర్రవాడు, తనకిచ్చిన కొయ్యకాలు నచ్చక, పీపా చెక్కలు చెక్కుకుని తన కాలు తానే తయారుచేసుకున్నాడు. తరువాత అదే వృత్తి చేసుకున్నాడు. తొడుక్కునేవాడే తయారుచేసిన కాలు అది.

అదే యుద్ధంలో ఫిలడెల్ఫియా నగరపు వైద్యుడు సైలస్ వేర్ మిచెల్ నరాల గాయాలున్న సైనికులను పరిశీలించాడు. 1866లో ఒక మాసపత్రికలో, కాళ్లూ చేతులూ పోయిన సైనికుడు చెప్పినట్లుగా, పేరు పెట్టకుండా ఒక కథ అచ్చువేయించాడు. పాఠకుల్లో కొందరు నిజమనుకుని ఆ సైనికుడికి చందాలు పోగుచేశారట. 1871లో ఆయనే ఈ అనుభవానికి ‘ఫాంటమ్ లింబ్’ అనే పేరు పెట్టాడు. దయ్యపు అవయవం అని అర్థం చెప్పుకోవచ్చు. అవయవాలు పోయిన 90 మందిని విచారిస్తే నలుగురికి తప్ప అందరికీ లేని అవయవం ఉన్నట్లే అనిపిస్తోందని తేల్చాడు.

ఇంత పరిశీలన జరిగినా తరువాత నూరేళ్లపాటు చాలామంది వైద్యులు దీన్ని మనోబలహీనతగానే చూశారు. రోగులు కూడా పిచ్చివాళ్లమనుకుంటారని చెప్పడం మానేశారు. 1984లో అమెరికాలో మాజీ సైనికులను వేల సంఖ్యలో ఉత్తరాల ద్వారా అడిగితే, జవాబిచ్చినవారిలో 78 శాతం మంది లేని అవయవంలో నొప్పి ఉందన్నారు. అడిగితే చెప్పారు, అంతే.

గిన్నె మారింది

కృత్రిమ కాలిని చూసేవాళ్లు పాదం చూస్తారు. తొడుక్కున్నవాళ్లకు తెలిసేది పైన ఉండే గిన్నె, అంటే మొండిభాగం ఇమిడే సాకెట్టు. నొప్పి పుట్టేదీ అక్కడే.

రెండవ ప్రపంచయుద్ధం నుంచి వచ్చిన అమెరికా సైనికులు తమకిచ్చిన కాళ్లు బాగోలేవని గట్టిగా ఫిర్యాదు చేశారు. దానితో 1945లో అక్కడ పెద్ద ఎత్తున పరిశోధన మొదలైంది. 1950ల చివరలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో మోకాలి కింద కాలు పోయినవారికి కొత్త గిన్నె రూపొందించారు. మొండిభాగంలో ఏ చోటు ఒత్తిడి ఓర్చగలదో, ఏ చోటు ఓర్వలేదో ముందు గుర్తించడమే దాని సూత్రం. మోకాలిచిప్ప కింది గట్టి స్నాయువు బాగా ఓరుస్తుంది. కనుక బరువులో ముఖ్యభాగం అక్కడ పడేలా గిన్నెలో మెట్టు చేశారు. మోకాలి కింద బయటివైపు తగిలే ఎముక బొడిపె, ముందుకాలి ఎముక అంచు, తెగిన కొస – ఇవి ఓర్వలేవు. వాటి దగ్గర గిన్నెకు లోపల చోటు వదిలారు. పారే కొయ్యకాలిలో మొరటుగా ఉన్న ఆలోచనే ఇక్కడ శాస్త్రమైంది.

మా ఆసుపత్రిలో కాళ్లు తయారుచేసే షెడ్డు రికార్డు గది పక్కనే ఉండేది. మొదటిసారి నిలబడే రోగులను నేను చాలామందిని చూశాను. చాలారోజులు పడకమీదున్న మనిషిని ఒక్కసారిగా లేపితే కళ్లు తిరుగుతాయి. అందుకని నిలబెట్టే బల్లకు పటకాలతో కట్టి, రోజుకు కాస్త కాస్తగా నిటారుగా లేపేవారు. మొండిభాగం కిందికి వేలాడగానే రక్తం దిగి సలుపు మొదలయ్యేది. తరువాత రెండు కడ్డీల మధ్య నిలబెట్టేవారు.

నూర్పిడి మిషనులో కాలు పోయిన ఒక రైతు ఆ కడ్డీల మధ్య నిలబడలేక కూలబడిపోయేవాడు. భయం వల్లనేనని కేసు షీటులో రాశారు. ఓర్చుకోమన్నారు. ‘ఓర్చినమ్మకు తేటనీరు’ అని పక్కవాళ్లు సామెత కూడా చెప్పారు. షెడ్డులోని పెద్ద మేస్త్రీ మాత్రం ఆయన పక్కన కూర్చుని, “ఎక్కడ బాబూ, వేలు పెట్టి చూపించు” అన్నాడు. “ఇక్కడండీ మేస్త్రీగారూ, ఈ బొడిపె మీద నిప్పు పెట్టినట్టుంది” అన్నాడు రైతు. మేస్త్రీ అక్కడ పెన్సిలుతో గుర్తుపెట్టి, గిన్నె లోపల రూపాయి బిళ్లంత మేర అరగదీశాడు. మర్నాడు ఆ రైతు నిలబడ్డాడు. భయం ఏమీ లేదు, గిన్నె తప్పు. బర్క్‌లీ ఆచార్యులు కొలతలతో చెప్పినదే మా మేస్త్రీ అడిగి తెలుసుకున్నాడు.

జైపూరు కాలు, తేలిక క్యాలిపరు

మన దేశంలో సైనికుల కోసం పుణెలో కృత్రిమ అవయవాల కేంద్రం 1944లోనే ఏర్పడింది. సామాన్యుడికి కాలు అందింది 1968 తరువాత, జైపూరులో. సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు డాక్టర్ పి.కె. సేథీ, చేతిపనివాడు రామచంద్ర శర్మ కలిసి రబ్బరుతో జైపూరు పాదం తయారుచేశారు. విదేశీ కాలితో బూటు వేసుకుని కుర్చీలో కూర్చోవచ్చుగానీ గొంతుక్కూర్చోలేం, బాసిపట్లు వేసుకోలేం, బురదచేలో దిగలేం. జైపూరు కాలితో ఇవన్నీ సాధ్యమయ్యాయి. 1975లో ఉచితంగా కాళ్లు పంచే సంస్థ డి.ఆర్. మెహతాగారి చొరవతో మొదలైంది. 1981లో సేథీగారికి మెగసెసే పురస్కారం వచ్చింది.

ఆ కాలిని తెలుగువారి ఇంటింటికీ పరిచయం చేసినది 1985లో వచ్చిన ‘మయూరి’ చిత్రం. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూరు కాలితో 1984లో మళ్లీ రంగస్థలమెక్కిన సుధాచంద్రన్ గారే అందులో నటించారు. మనం తెరమీద నాట్యం చూసి చప్పట్లు కొట్టాం. ఒక్కో అడుగుకూ ఆ మొండిభాగం మోసే బరువు చప్పట్లలో వినబడదు.

హైదరాబాదులో 1990లలో జరిగిన ఇంకొక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఇది కాళ్లు పోయినవారిది కాదు, పోలియో పిల్లలది. అయినా బరువుకూ బాధకూ ఉన్న సంబంధం ఒకటే. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరొకరు క్షిపణి ప్రయోగశాలకు వచ్చి అక్కడి తేలిక పదార్థాన్ని చేత్తో ఎత్తిచూసి, అబ్దుల్ కలాంగారిని తమ వార్డుకు తీసుకువెళ్లారు. 3 కిలోలకు పైగా ఉన్న ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ పిల్లలు నడుస్తున్నారు. కలాంగారి బృందం వాటి స్థానంలో 300 గ్రాముల క్యాలిపర్లు తయారుచేసింది. తనకు మిక్కిలి ఆనందమిచ్చిన పనుల్లో ఇదొకటని ఆయన పలుమార్లు చెప్పారు.

అద్దంలో కాలు

లేని కాలి నొప్పి మాటేమిటి? 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, నొప్పి వార్త మెదడుకు చేరే దారిలో వెన్నుపాము దగ్గర ఒక తలుపు వంటి ఏర్పాటు ఉంటుందని, అది తెరుచుకోవడంలో, మూసుకోవడంలో మెదడుకూ పాత్ర ఉందని ప్రతిపాదించారు. ఒంటి అవయవాలకు మెదడులో ఒక పటం ఉంటుంది. కాలు పోయినా పటంలో కాలు చెరిగిపోదు.

1990లలో తమిళనాడులో పుట్టి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ ఒక చిన్న ఉపాయం పన్నారు. నిలువుటద్దం పక్కన ఉన్న చెయ్యి పెట్టి ఆడిస్తే, అద్దంలో పోయిన చెయ్యి కదిలినట్లు కనబడుతుంది. బిగుసుకుపోయిన లేని చెయ్యి విడివడినట్లు కొందరికి తోచింది, నొప్పి తగ్గింది. 2007లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో కాలు పోయిన 18 మందిపై నాలుగు వారాలు పరీక్షిస్తే, అద్దం చూసి కాలు ఆడించిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. చిన్న పరీక్షే, అందరికీ పనిచేస్తుందని చెప్పలేం. కానీ ఖర్చు ఒక అద్దం ధరే.

స్వీడనులో 1990 నుంచి తొడ ఎముకలోకే టైటానియం మర బిగించి, గిన్నె లేకుండా కాలు తగిలించే పద్ధతి వచ్చింది. నేల గట్టిదో మెత్తదో ఎముక ద్వారా తెలుస్తోందని వారు చెప్పారు. చర్మం దగ్గర చీము పట్టే భయం మాత్రం ఉంది. 2019లో ఇద్దరు రోగుల తొడ నరానికి కృత్రిమ పాదం నుంచి స్పర్శ సంకేతాలు పంపిస్తే, నడక మెరుగుపడటమే కాక లేని కాలి నొప్పి కూడా తగ్గిందని ప్రకటించారు.

నొప్పి లేకపోవడం

ఇంతవరకూ నొప్పి ఎక్కువైనవారి సంగతి. నొప్పి తెలియనివారి సంగతి అంతకన్నా ప్రమాదం. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగులను పరిశీలించి, వారి వేళ్లూ పాదాలూ పాడవుతున్నది వ్యాధి తినివేయడం వల్ల కాదని, నరాలు చచ్చి నొప్పి తెలియక దెబ్బమీద దెబ్బ తగలడం వల్లనని నిరూపించారు. చిత్తూరు జిల్లా నుంచి తెలుగువారెందరో వెళ్లే ఆసుపత్రి అది. షుగరు రోగి అరికాలు కూడా ఇలాగే మొద్దుబారుతుందని ఆయన తరువాత అమెరికాలో పనిచేస్తూ ఎత్తిచూపారు.

షుగరువల్ల ఒక కాలు పోయినవారి మొండిభాగంలోనూ ఈ తిమ్మిరి ఉండవచ్చు. గిన్నె కొరుకుతున్నా తెలియదు. మిగిలిన కాలు రెట్టింపు బరువు మోస్తూ పుండుపడినా తెలియదు. నొప్పి ఇంటికి కాపలా కుక్కలాంటిది. అరిస్తే విసుక్కుంటాం, అరవకపోతే దొంగ వచ్చిన సంగతే తెలియదు.

2005లో ప్రచురించిన అమెరికా సర్వేలో అవయవం పోయిన 914 మందిని అడిగితే, సుమారు 95 శాతానికి ఏదో ఒక నొప్పి ఉంది. సుమారు 80 శాతానికి లేని అవయవంలో, 68 శాతానికి మొండిభాగంలో, 62 శాతానికి నడుంలో. అన్ని వసతులున్న దేశంలోనే ఇలా ఉంటే మన పల్లెల్లో కర్రపట్టుకు నడిచేవారి సంగతి ఊహించుకోవచ్చు.

మిత్రులకు మనవి

ఈ చరిత్ర చదివాక నాకు అర్థమైనది ఒక్కటే. పారే దగ్గరనుంచి మా మేస్త్రీ దాకా, ఎవరు ఆ మనిషి నొప్పిని నమ్మి, ఎక్కడ అని అడిగారో, వారే అతణ్ణి నిలబెట్టగలిగారు. నమ్మనివారు ధైర్యం చెప్పి పంపించారు.

మన ఇళ్లల్లో, మన బంధువుల్లో ఇలాంటివారుంటే పోయిన కాలు నొప్పి అన్నప్పుడు నవ్వకండి, దిష్టి తియ్యడంతో సరిపెట్టకండి. అది నరాలకు సంబంధించిన నొప్పి, దానికి డాక్టర్ల దగ్గర మందులూ, ఉపాయాలూ ఉన్నాయి. కృత్రిమ కాలు తీసిన తరువాత చర్మంమీద ఎరుపు పది, పదిహేను నిమిషాల్లో పోకపోతే గిన్నె సరిచేయించండి. మొండిభాగం ఉదయానికీ సాయంత్రానికీ లావు మారుతుంది, మేజోడు పొరలు దానికి తగ్గట్టు మార్చుకోవాలి. షుగరు ఉన్నవారు రాత్రి పడుకోబోయే ముందు మొండిభాగాన్నీ, మిగిలిన పాదాన్నీ అద్దంలో చూసుకోవాలి. చూపు ఆనకపోతే మనవణ్ణో మనవరాల్నో చూడమనండి.

రికార్డు సెక్షన్లో నా చేతిమీదుగా వెళ్లిన కాగితాల్లో ఈ నొప్పికి ఒక్క వాక్యమే దక్కింది. మన సంచికలో రెండు పేజీలు దక్కినందుకు సంపాదకవర్గానికి కృతజ్ఞతలు. ఈ బాధ పడుతున్న సభ్యులెవరైనా ఉంటే వచ్చే సర్వసభ్య సమావేశంలో నాతో మాట్లాడవచ్చు. నేను చేయగలిగిన వైద్యమేమీ లేదు. ఎక్కడ, ఎలా అని అడిగి, డాక్టరుగారికి చూపించడానికి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్లు తెలుగులోనే ఒక కాగితంమీద రాసిపెట్టగలను.